ఆకు క్లిప్పు పెన్ను

వార్తల కేంద్రం ఉత్తరాల అధికారిగారికి,

నమస్కారం. నేను పెన్నులు బాగుచేసే మనిషిని. టీవీలో మంత్రిగారు సంతకం పెడుతుంటే అందరూ ఆయన మొహం చూస్తారు, నేను వేళ్లు చూస్తాను. ఆయనది బంగారు పాళీ. కానీ మూత తిప్పి తీయాలని ఎవరూ చెప్పినట్టు లేదు, పీకుతున్నారు. పాటల పోటీ జడ్జిగారి పెన్ను కారుతోంది, బొటనవేలు చూస్తే తెలుస్తుంది. వాళ్ల సంగతి నాకెందుకు గానీ, సాయంత్రం వార్తలు చదివే బాబుగారు పాళీని తలకిందులుగా పట్టుకుంటున్నారు. కాస్త చెప్పండి.

ఇట్లు,
పెన్నుల మేస్త్రీ

తా.క. మంత్రిగారి మూత సంగతి కూడా, వీలు చూసుకుని.

---

మేస్త్రీగారికి,

మీ టీవీలో వార్తలు తలకిందులుగా వస్తున్నాయన్న ఫిర్యాదు అందింది. చింతిస్తున్నాము. మనిషిని పంపుతున్నాము.

భవదీయుడు,
ఉత్తరాల అధికారి

తా.క. అంతవరకు టీవీని తిరగేసి పెట్టుకోవద్దు. ఇదివరకు ఒకరు అలా చేసి పగలగొట్టుకున్నారు.

---

అధికారిగారికి నమస్కారం.

మీ మనిషి వచ్చాడు. "బొమ్మ నిటారుగానే ఉందిగా పెద్దాయనా" అన్నాడు. "బొమ్మ సరే నాయనా, పెన్ను చూడు" అన్నాను. వాడు పెన్ను వదిలేసి నన్ను చూశాడు. మేడెక్కి యాంటెన్నా కదిపి పోయాడు. ఇప్పుడు వార్తల్లో మంచు కురుస్తోంది.

అసలు మాట చెప్పేస్తాను. బాబుగారి చేతిలో ఉన్న ఆ పెన్ను మూతకున్న ఇత్తడి క్లిప్పు ఆకులా ఉంటుంది. రేకు కోసి, ఆకురాయి పట్టి, నా చేత్తో చేసింది. అలాంటిది జన్మకొక్కటే చేశాను, మా కొట్టు ఎదురు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆవిడ కోసం. ఆవిడది ఎడమచేతి వాటం. పాళీ కూడా ఆ వాటానికే అరగదీశాను. మీ బాబుగారికి అందుకే కుదరడం లేదు. అచ్చాఫీసు నిండా సిరాబుడ్లున్నా ఆవిడ ప్రతి శనివారం నా దగ్గరికే వచ్చి సిరా పోయించుకునేవారు. ఎందుకో నా మట్టిబుర్రకు తట్టేసరికి అచ్చాఫీసు మూతపడింది. ఆవిడ ఎటు వెళ్లారో చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ పెన్ను బాబుగారి చేతికెలా వచ్చిందో కనుక్కుంటారా?

ఇట్లు,
పెన్నుల మేస్త్రీ

తా.క. మీ మనిషి స్క్రూడ్రైవరు మా మేడ మీద మరిచిపోయాడు. మంచి సరుకు.

---

మేస్త్రీగారికి,

మీ పెన్ను మా కేంద్రంలో దొంగిలించబడినదన్న ఫిర్యాదు అందింది. వార్తలు చదివే ఆయనను విచారించాము. పెన్ను తనది కాదని, బల్ల మీద ఏది పెడితే అది పట్టుకుంటానని, అసలందులో సిరాయే లేదని చెప్పారు. కనుక స్టూడియో సామాను చూసుకునే ఆవిడను సంజాయిషీ అడిగాము.

భవదీయుడు,
ఉత్తరాల అధికారి

తా.క. స్క్రూడ్రైవరు మా విభాగం కిందికి రాదు.

---

అయ్యా,

దొంగతనమని నేనెప్పుడన్నాను? ఆవిడను ఒక్క మాట అనకండి. సంజాయిషీ ఇచ్చినా చదవకుండా చించేయండి. ఆ పెన్ను నాది కాదు, నేను ఇష్టంగా ఇచ్చేసింది.

ఇట్లు,
పెన్నుల మేస్త్రీ

తా.క. ఆవిడ ఏ చేత్తో రాస్తారో, అడగకుండా ఊరికే చూసి చెప్పగలరా?

---

మేస్త్రీగారికి,

మీ ఉత్తరాలన్నీ నా ముందు పెట్టి, సంజాయిషీ రాయమన్నారు. చెప్పుకోవలసింది మీకు కాబట్టి మీకే రాస్తున్నాను. ఎడమచేత్తోనే.

పెన్ను నాదే. అచ్చాఫీసు మూసేశాక ఇక్కడ చేరాను. మీకు రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. సిరా అయిపోయిందని తప్ప ఏం రాయాలో తోచేది కాదు. ఆ మాట రాయడానికి సిరా ఎక్కడిదని అడుగుతారేమోనని అదీ మానేశాను.

వార్తలాయన చేతికి ఏ పెన్నైనా చాలు. నేనే రోజూ ఇంటి నుంచి దీన్ని తెచ్చి, క్లిప్పు కెమెరాకు కనబడేలా పెడుతున్నాను. మీరు ఎక్కడో ఒకచోట కూర్చుని చూడకపోతారా అనుకున్నాను.

ఆదివారం నాకు సెలవు. కొట్టు తెరిచి ఉంచండి.

ఇట్లు,
ప్రూఫులు దిద్దే ఆవిడ

తా.క. పదకొండేళ్లుగా పెడుతున్నాను. ఇంతకీ మీరు టీవీ ఎప్పుడు కొన్నారు?