పడవకు పెట్టిన కన్నం

చిలోయే దీవి,
ఆదివారం

ఎలియేసర్ మామయ్యా,

ముందే చెబుతున్నాను, అమ్మ బతికే ఉంది.

మీరు మీ పాత పడవను ఒడ్డుకెక్కించి అమ్మకు గదిగా మార్చినప్పుడు కట్టెల పొయ్యికి ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నారు! కింద రాళ్లు పరిచారు, వెనక రేకు కొట్టారు, పొగగొట్టాన్ని చెక్కకు తగలకుండా పైకి తీశారు. మనందరి భయం నిప్పు గురించే కదా.

నిన్న ఉత్తరపు గాలి, వాన. అమ్మ పడవ పైమూత బిగించుకుని మాతే ఆకుల టీ తాగుతూ కూర్చుంది. నేను వేడి వేడి బంగాళాదుంప రొట్టెలు పట్టుకెళ్లేసరికి నేల మీద పడి ఉంది. ఒక్క చెక్కా కాలలేదు, ఒక్క నిప్పురవ్వా బయట పడలేదు. పొయ్యి కూడా కొనవూపిరితో ఉంది. అమ్మను వానలోకి ఈడ్చుకొచ్చాను. కాసేపటికి కళ్లు తెరిచి, "మూత వెయ్యవే, చలి లోపలికి పోతోంది!" అని నన్నే కసిరింది.

పక్కింటి ఒర్ఫెలీనా వచ్చి పడవ లోపలంతా తడిమి చూసింది. "మీ మామ నీళ్లు రాకుండా కట్టాడు సరే, గాలి రావద్దటే పిల్లా? ఉన్న కాస్త గాలీ మంట పీల్చేసి, మీ అమ్మకు విషప్పొగ మిగిల్చింది" అంది.

అందుకే ఈ పొద్దున పొయ్యి పక్కన చెక్కను మీ బర్మాతోనే తొలిచి, పిడికిలి పట్టేంత కన్నం పెట్టాను. "మా తమ్ముడు చూస్తే గుండె ఆగి చస్తాడే" అని ఏడుస్తూనే అమ్మ దీపం పట్టుకుంది.

జీవితమంతా పడవల కన్నాలు పూడ్చిన మనిషి మీరు. వచ్చి నన్ను ఎంతైనా తిట్టండి. తారు డబ్బా మాత్రం తీసుకురాకండి.

మీ మేనకోడలు