బాపు చెప్పులు

సోమవారం, సిద్దిపేట

మా బాపు పోయాక ఇవాళే మొదటిసారి బడికి వెళ్లాను. ఆరో తరగతికి ఇంగ్లిష్ పాఠం. 'లైన్' అనే మాటను ఎక్కడెక్కడ వాడతామో చెప్పమన్నాను.

"కరెంట్ లైన్ టీచర్!"

"ఫోన్ల, లైన్ల ఉండు అంటరు గద టీచర్!"

నీళ్ల పైపు లైన్, ప్రార్థనకు నిలబడే లైన్, నోట్‌బుక్కులో గీసే లైన్, అన్నీ బోర్డు మీద రాస్తూ పోయాను. ఇంత చిన్న మాటకు ఇన్ని పనులా అని నాకే నవ్వొచ్చింది. అంతలో వెనక బెంచీ పిల్ల, "యూరియా లైన్ టీచర్" అంది.

అది రాయకుండా చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. బాపు కుప్పకూలింది ఎరువుల దుకాణం ముందు, ఆ లైన్ దగ్గరే. అందరిలాగే తన వంతుకు గుర్తుగా చెప్పులను వరుసలో పెట్టి, పక్కన నీడలో కూర్చున్నాడట. ఉత్త కాళ్లతోనే ఆటోలో ఎక్కించారు. దవాఖాన దాకా కూడా ప్రాణం ఆగలేదు.

సాయంత్రం పక్కింటి మల్లయ్య కాక వచ్చాడు. భుజం మీద యూరియా బస్తా, చేతిలో బాపు చెప్పులు.

"గిన్ని రోజులు తెద్దామంటే మనసొప్పలే బిడ్డా. గా రోజు లైన్ కదిలినప్పుడల్లా మీ బాపు చెప్పులు గూడ ముందుకు జరిపినం. ఆయన పట్టా పాసుబుక్కు నా తాననే ఉండె. ఆయన వంతు పోనియ్యలే."

బాపు లేడన్న కబురు తెలిశాక కూడా జరిపారా కాకా, అని అడగబోయి, చెప్పులు అందుకున్నాను.

బస్తాను కొట్టంలో వేయించాను. చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. ఇందాక అమ్మ వాటి చుట్టూ ఊడ్చింది గానీ, జరపలేదు.