బాలరాజు వెనక చక్రం

మేడ్చల్,
జూన్ నెలాఖరు

ప్రియమైన చందూకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే గుండె జారిందా? భయపడకు, కొట్లాట కాదు. ఫోన్‌లో పంచాయితీ పెడితే నువ్వు కట్ చేస్తావు, నేను మళ్ళీ ఎత్తను, మధ్యలో అత్తమ్మ నలిగిపోతుంది. అందుకే కదా పెళ్ళయిన కొత్తలో ఒప్పందం చేసుకున్నాం. తిండి, జ్వరాలు, కరెంటు బిల్లు ఫోన్‌లో. కొట్లాటలు, పెద్ద నిర్ణయాలు కాగితం మీద. ఇది నిర్ణయం.

నేను సైకిల్ కొంటున్నాను. డిసెంబరులో జరిగే ట్రయాథ్లాన్‌కి పేరు ఇచ్చేశాను. ఈత, సైకిల్, పరుగు, మూడూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి. నవ్వకు. నీళ్ళంటే బాత్రూంలో బకెట్ తప్ప తెలియని నేను కొంపల్లి ఈతకొలనులో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్ళొస్తున్నాను. నువ్వు ఆ గుజరాత్ ప్లాంటులో ఉద్యోగానికని అంకలేశ్వర్ వెళ్ళాక సాయంత్రాలు గోడలు చూస్తూ కూర్చోలేక మొదలుపెట్టింది ఇక్కడిదాకా వచ్చింది.

ఆదివారాలు మా గ్రూపు మేడ్చల్ నుంచి రింగ్ రోడ్డు పక్క దారిలో శామీర్‌పేట దాకా వెళ్ళి, చాయ్ తాగి తిరిగొస్తుంది. ముందు బాలరాజు ఉంటాడు. జీడిమెట్లలో బేరింగుల షాపు ఆయనది. మొదటి రోజు ఎదురుగాలికి నా పని అయిపోయింది. ‘అక్కా, నా ఎన్క చక్రం ఇడ్వకు, గాలి సంగతి నేను సూస్కుంట’ అన్నాడు. చందూ, జానెడు దూరంలో ఆయన వెనకే తొక్కితే గాలి తగలనే తగలదు! సగం కష్టం తగ్గిపోతుంది. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదే అనిపించింది.

ఇన్నాళ్ళూ దుర్గాబాయి గారి పాత సైకిల్ అరువు తెచ్చుకున్నాను. ఆవిడ మా గ్రూపులో అందరికన్నా పెద్ద, రిటైరైన టీచర్. ఇప్పుడు సొంతది కావాలి. రెండు రకాలున్నాయి. రోడ్ బైక్ అంటే వంగిన హ్యాండిల్, వేళ్ళకిందే బ్రేకులు, ఎక్కడైనా తొక్కొచ్చు. రెండోది ట్రయాథ్లాన్ బైక్. దానికి ముందుకు చాచిన రెండు కడ్డీలుంటాయి, వాటి మీద మోచేతులు ఆనించి దాదాపు పడుకుని తొక్కాలి. చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కొత్తవాళ్ళకి రోడ్ బైకే మంచిదని బాలరాజు అంటున్నాడు. కానీ మెకానికల్ చదివింది నువ్వు. నాకు ఆయన మాట కన్నా నీ మాట ఎక్కువ. నువ్వు ఏది అంటే అది.

నీ
అశ్రిత

*

అంకలేశ్వర్,
జూలై మొదటి వారం

ప్రియమైన అశ్రీ,

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. అందులో నా పేరు ఎన్నిసార్లు ఉందో బాలరాజు పేరూ అన్నిసార్లు ఉంది. ఫరవాలేదు. నేను అలాంటివి పట్టించుకునే మనిషిని కాదు.

అమ్మ కూడా ఫోన్‌లో అదే మాట. ‘పొద్దుగాల్నే పోతది బిడ్డా, గా బాలరాజు ముంగట, ఈమె ఎన్క’ అని. ఏదో ఊరేగింపు చెప్పినట్టు చెప్పింది. ఆయన నీకు గాలి తగలకుండా చూస్తున్నాడా? మంచిది. మనం బండి మీద యాదగిరిగుట్ట వెళ్ళినప్పుడు ముందు కూర్చుని గాలంతా తిన్నది నేనే. అప్పుడు నీ జుట్టు చెదిరిందని గొడవ చేశావు గానీ, గాలి సంగతి ఒక్క ముక్క అనలేదు.

అక్కా అని పిలుస్తాడు కదా అంటావేమో. కాలేజీలో సీనియర్‌వి అనుకుని నేను నిన్ను మొదట ఏమని పిలిచానో గుర్తు చేసుకో. నెలరోజులు అక్కా అన్నాను. తరువాత ఏమైందో నీకు తెలుసు.

సరే, అసలు విషయం. నువ్వు నా మాటకి విలువ ఇచ్చి అడిగావు కాబట్టి రాత్రులు కూర్చుని చదివి చెప్తున్నాను. ట్రయాథ్లాన్ బైకే తీసుకో. నీ పోటీ పేరే ట్రయాథ్లాన్, దాని కోసం తయారు చేసిన బండి ఉండగా ఇంకోటి ఎందుకు? ఒళ్ళు కిందికి వంగి ఉంటుంది కాబట్టి గాలి దానంతటదే పక్కకు పోతుంది, ఎవరి వీపూ అక్కర్లేదు. తొడల్లో బలం పరుగుకి మిగులుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. నీ పోటీలో ఒకరి వెనక ఒకరు అంటుకుని తొక్కడం నిషేధం. చేస్తే శిక్ష వేస్తారు. పోటీలో పనికిరాని అలవాటు ఆదివారాలు నేర్చుకోవడం దేనికి? ఒంటరిగా తొక్కు. ఒంటరిగా తొక్కితేనే ధైర్యం వస్తుంది.

బేరింగులు అమ్మేవాడికి గాలి లెక్కలు ఏం తెలుస్తాయి? నేను చెప్తున్నాను కదా.

ఇక్కడ క్యాంటీన్ పప్పులో చక్కెర వేస్తున్నారు. తినలేక చస్తున్నాను. నువ్వు లేక అంతకన్నా ఎక్కువ.

నీవాడు,
హేమచంద్

*

మేడ్చల్,
జూలై చివర

నా ప్రియమైన ఇంజనీరు గారికి,

కొనేశాను! ట్రయాథ్లాన్ బైకే. ఎర్రది. నా కొలతకి సరిపోయేది దొరకలేదు, ఒక సైజు పెద్దది తీసుకున్నాను. సీటు దించితే కాళ్ళు అందుతున్నాయి, చేతులు మాత్రం కాస్త సాగదీయాలి. అలవాటవుతుందిలే.

పెళ్ళయి ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఇంత పెద్ద ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అదీ నా పోటీ గురించి! నేను ఈత నేర్చుకుంటానంటే ‘ఊఁ’ అని ఊరుకున్నవాడివి, నాకోసం రాత్రులు కూర్చుని చదివావంటే ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆదివారం శామీర్‌పేటలో చాయ్ దగ్గర నీ ఉత్తరంలో బండి గురించి రాసిన భాగమంతా గ్రూపుకి చదివి వినిపించాను. బేరింగుల మాట వదిలేశాలే. అందరూ బాగా ఆశ్చర్యపోయినట్టున్నారు, ఎవరూ ఒక్క మాట అనలేదు. బాలరాజు గ్లాసు కింద పెట్టి, ‘అన్న మస్తు సదివిండు’ అన్నాడు.

వచ్చే ఆదివారం నుంచి నువ్వు చెప్పినట్టే ఒక్కదాన్నే.

నీ మాట వినే
అశ్రిత

*

అంకలేశ్వర్,
ఆగస్టు

ప్రియమైన అశ్రితకు,

ఇది కొట్లాట ఉత్తరం. ముందే చెప్తున్నాను.

మీ గ్రూపు వాళ్ళు ఆదివారం ఆదివారం ఫోటోలు పెడతారు కదా, చూస్తుంటాను. నువ్వు ఒక్కదానివే తొక్కడం మొదలుపెట్టిన మొదటి వారం ఫోటోలో నువ్వు లేవు. నిజం చెప్తున్నాను, ఆ రోజు క్యాంటీన్ పప్పు కూడా తియ్యగా బాగానే ఉందనిపించింది. ఆ తరువాతి వారం ఫోటో వచ్చింది. అందులో నువ్వూ లేవు, బాలరాజూ లేడు.

ఇద్దరూ ఎక్కడున్నారు?

అప్పటి నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తుతోంది. పడుకుంది అంటుంది. స్నానం చేస్తోంది అంటుంది. ఇంత స్నానం ఎవరు చేస్తారు? వీడియో పెట్టమంటే సిగ్నల్ లేదంటావు. మేడ్చల్‌లో సిగ్నల్ ఎప్పుడు పోయింది? నువ్వు మాట్లాడే రెండు మాటల్లో కూడా హుషారు లేదు. అంతకుముందు ఆదివారాల్లో పొద్దున్న నీ గొంతు ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ హుషారు నా వల్ల వచ్చింది కాదనీ తెలుసు. అదే కడుపులో మండుతోంది.

నేను ఉన్నప్పుడు శామీర్‌పేట చాయ్‌కి రమ్మంటే బద్ధకమనేదానివి. ఇప్పుడు ఎవరో ముందుంటే చీకటితో లేస్తున్నావు. నాకు కుళ్ళుగా ఉంది, అశ్రీ. రాసేశాను. నువ్వు చదివి నవ్వుకున్నా సరే, ఇంకెవరికైనా చదివి వినిపించినా సరే.

జవాబు రాయి. ఫోన్ వద్దు.

హేమచంద్

*

మేడ్చల్,
సెప్టెంబరు

ప్రియమైన చందూ,

జవాబు ఆలస్యమైంది. కుడిచేతి మణికట్టుకి పిండికట్టు ఉండింది. మొన్ననే తీశారు. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ ఫోటో లెక్క ముందు తేలుస్తాను. ఆ ఆదివారం ఫోటోలో బాలరాజు ఎందుకు లేడంటే, ఫోటో తీసింది ఆయనే. నేను ఎందుకు లేనంటే, అదే సమయానికి ఆసుపత్రి బల్ల మీద ఉన్నాను.

రింగ్ రోడ్డు పక్క దారిలో, శామీర్‌పేట ఇంకాస్త దూరం ఉందనగా, పొదల్లోంచి బర్రెదూడ ఒకటి దారి మీదికి వచ్చింది. నేను మోచేతుల మీద వంగి మంచి వేగంలో ఉన్నాను. ఆ బండికి బ్రేకులు చేతులున్న చోట ఉండవు, చందూ. గేర్లు ఉంటాయి. బ్రేకుల కోసం చేతులు తీసి, ఒళ్ళు లేపి, వెడల్పుగా పట్టుకోవాలి. పెద్ద సైజు బండి మీద నాకు అవి అందేలోపే దూడ వచ్చేసింది. దానికి ఏమీ కాలేదు. కూరగాయల ఆటో అతను ఆగి నన్నూ బండినీ ఎక్కించుకున్నాడు. బాలరాజు రాలేదు. ఎలా వస్తాడు? నువ్వు చెప్పినట్టు ఒంటరిగా తొక్కుతున్నాను కదా.

నువ్వు పరేషాన్ అవుతావని అత్తమ్మని నేనే చెప్పొద్దన్నాను. పాపం, స్నానం తప్ప ఆవిడకి ఇంకో అబద్ధం తోచలేదు.

కట్టుతో ఉండగా దుర్గాబాయి గారు చూడటానికి వచ్చారు. నేను నా చేతగానితనం గురించి ఏడుస్తుంటే ఆవిడ అన్నారు: ‘నీ తప్పు కాదు బిడ్డా. గా బండి గుంపుల నడ్వది. బ్రేకు దూరముంటది, ముంగటోన్ని గుద్దుతరు. గందుకే దాన్ని ఏ గ్రూపూ రానియ్యదు. మీ ఆయన నిన్ను మా నడిమిట్లకెల్లి తీసెయ్యనీకె గా బండి చెప్పిండు. ఉత్తరం ఇన్నప్పుడే మాకందరికీ సమజైంది.’

‘మరి అప్పుడే చెప్పొచ్చు కదా టీచర్’ అన్నాను.

‘నువ్వు గంత సంబురంగ సదువుతాంటె ఎట్ల జెప్తం?’

పడ్డప్పుడు ఇంత నొప్పి లేదు. చాయ్ గ్లాసులు పట్టుకుని వాళ్ళంతా ఎందుకు ఊరుకున్నారో అప్పుడు తెలిసింది. నా మొగుడు నా కోసం రాత్రులు కూర్చుని చదివాడని గొప్పలు పోతున్నాను, వాళ్ళంతా నన్ను చూసి జాలిపడుతున్నారు. నీ కుళ్ళు గురించి నువ్వు ఒక్క వాక్యం ముందే రాసి ఉంటే నవ్వి, నాలుగు తిట్టి, ముద్దు కూడా పెట్టేదాన్ని. సలహా అని రాశావు. నేను నమ్మి ఎక్కాను. అది నాకు ఇంకా మింగుడు పడటం లేదు.

ఇప్పుడు వార్తలు. నేను రోడ్ బైక్ తెచ్చుకున్నాను. ఈసారి ఎవరినీ అడగలేదు, బాలరాజుని కూడా. షాపులో ఉన్నవన్నీ ఎక్కి దిగి, చేతికి బ్రేకు అందినదాన్ని తీసుకున్నాను. డిసెంబరు పోటీకి వెళ్తున్నాను.

ఎర్రబండిని ట్రాన్స్‌పోర్ట్ లారీలో నీ పేరున వేశాను. గీతలు తుడిపించలేదు. సీటు నీ ఎత్తుకి పెంచాను. నువ్వే ఎంచావు కదా, నువ్వే తొక్కి చూడు. ఒంటరితనంతో ధైర్యం వస్తుందన్నావు, వస్తే రాయి.

అశ్రిత

*

అంకలేశ్వర్,
అక్టోబరు

ప్రియమైన అశ్రీకి,

బండి వచ్చింది. నీ ఉత్తరం వచ్చాక నేను ఫోన్ చేసి ఏడ్చిన సంగతి ఒప్పందానికి విరుద్ధం కాబట్టి దాని గురించి రాయను.

ఎక్కాను. ప్లాంటు వెనక తిన్నటి రోడ్డు, అడ్డం రావడానికి దూడ కూడా లేదు. మోచేతులు ఆనించాను. ఎదురుగాలి సముద్రం వైపు నుంచి వస్తుంది ఇక్కడ, ముఖం మీద కొడుతూనే ఉంది. అది పక్కకు పోతుందని రాసిన వెధవని నేనే. మలుపు దగ్గర బ్రేకు కోసం వేళ్ళు చాచాను. అక్కడ గేరు ఉంది. ముళ్ళకంపలో పడ్డాను. సైజు నాకు సరిగ్గా సరిపోయింది, అయినా పడ్డాను. నీకు ఆ బండి ఎలా ఉండి ఉంటుందో ముళ్ళు తీసుకుంటూ కూర్చున్నంతసేపూ తెలుస్తూనే ఉంది. లేపడానికి ఎవరూ రాలేదు.

నవంబరు చివర సెలవు దొరికింది. పోటీ అయ్యేదాకా మేడ్చల్‌లోనే ఉంటాను. దుర్గాబాయి టీచర్ పాత సైకిల్ ఇప్పుడు ఖాళీగానే ఉంటుంది కదా, అడుగు. బాలరాజుని కూడా ఒక మాట అడుగు, గ్రూపులో నాకు చోటు ఉందేమో. కుళ్ళు పోయిందని అబద్ధం చెప్పను, పోలేదు. అందుకే ~~ఆయన వెనక నేను, నా వెనక నువ్వు~~

కొట్టేశాను. మళ్ళీ రాస్తున్నాను.

ఆయన వెనక నువ్వే ఉండు. నీ వెనక చక్రం నాకు ఇవ్వు.

నీ
చందు