ఒకే శనివారం రెండు ఫంక్షన్లు

ఫ్రిస్కో, టెక్సాస్,
ఫిబ్రవరి 8

ప్రియమైన అమ్మమ్మకి,

నా దగ్గర్నుంచి ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం, నా ఫోన్ తప్ప. సైన్స్ టెస్ట్ ముందు రోజు మూడు గంటలు వీడియోలు చూశానని అమ్మ దాన్ని లాక్కుని బియ్యం డబ్బాలో దాచింది. ఎక్కడుందో నాకు తెలుసు గానీ, తీస్తే చేతులకి తవుడు అంటుకుని దొరికిపోతాను. ఇంటి ఫోన్‌లో మాట్లాడితే అమ్మ వింటుంది. అందుకే సమ్మర్‌లో నువ్వు నేర్పిన తెలుగంతా వాడి ఇది రాస్తున్నా. తప్పులుంటే నీ టీచింగ్ తప్పు.

నా బెస్ట్ ఫ్రెండ్ హానా నీకు తెలుసుగా, నీ ఆవకాయ తిని ఏడ్చి, మళ్లీ వేయించుకున్న పిల్ల. తనకి మే 2, శనివారం బాట్ మిట్స్‌వా. యూదుల ఇళ్లలో ఆడపిల్ల పెద్దదైందని చేసే ఫంక్షన్. పొద్దున వాళ్ల ప్రార్థనా మందిరంలో అందరి ముందూ నిలబడి తోరా చదవాలి. తోరా అంటే వాళ్ల పవిత్ర గ్రంథం. సాయంత్రం పార్టీలో పదమూడు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఒక్కోటి ఒక్కో ముఖ్యమైన మనిషికి. పదమూడోది బెస్ట్ ఫ్రెండ్‌కి. అది నాది!

ఇప్పుడు అమ్మ నా ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం పెట్టించింది. అదే మే 2, శనివారం. మార్చమంటే, "పంతులుగారు పెట్టింది, తర్వాత అధికమాసం, కుదరదు" అంటోంది. హానా తేదీ మూడేళ్ల కిందటే పెట్టేశారు. తనకి ఇంకా చెప్పలేదు. చెప్తే మా ఫ్రెండ్‌షిప్ అయిపోయినట్టే. నువ్వు చెప్తే అమ్మ వింటుంది. ప్లీజ్, తేదీ మార్పించు.

నీ అవని

తా.క. చదవగానే చింపేయి.

*

నోవై,
ఫిబ్రవరి 14

చిరంజీవి అవనికి అమ్మమ్మ ముద్దులు.

ఉత్తరం చింపలేదు. మనవరాలు తెలుగులో రాసిన మొదటి ఉత్తరం ఎవరైనా చింపుతారా? ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాను. వీడియో కాల్‌లో అదేమిటని మీ అమ్మ అడిగితే మందుల చీటీ అన్నాను.

ఇక్కడ మోకాలెత్తు మంచు. ఇంట్లో కూర్చుని నీ హానా ఫంక్షన్ గురించే ఆలోచిస్తున్నాను. నేను మత్తు డాక్టరుగా పనిచేసిన ఆసుపత్రిలో మిరియం అనే ఆవిడతో ముప్పై ఏళ్లు పక్కపక్కనే భోంచేశాను. ఆవిడ కూతురి ఫంక్షన్‌కి వెళ్లాను కూడా. ఒక్క ప్రశ్న అడగలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాను. డెబ్బై నాలుగేళ్లొచ్చాక మర్యాద తగ్గి కుతూహలం పెరిగింది. ఏం చదువుతుంది? ఏ భాషలో? కొవ్వొత్తులు ఎందుకు? అన్నీ రాయి.

ఈలోగా లైబ్రరీలో అడిగితే, ఇదే ఫంక్షన్ మీద కుర్రకారు కామెడీ సినిమా ఒకటి ఇచ్చారు. రెండుసార్లు చూశాను. అందులో ఇద్దరు ప్రాణస్నేహితురాళ్లు ఒక అబ్బాయి వల్ల మాటలు మానేస్తారు. నాకు విషయం అర్థమైంది. తేదీ అనేది పైకి చెప్పేది. ఆ అబ్బాయి ఎవరు? భయపడకుండా రాయి, మీ అమ్మకి చెప్పను.

ముహూర్తం సంగతి నిదానంగా చూద్దాం.

దీవెనలతో,
అమ్మమ్మ

తా.క. మీ తాతయ్య, ఇలాంటి సినిమాలు నేను చూడనన్నారు. కళ్లజోడు వెతుకుతున్నట్టు గంటన్నర సోఫా చుట్టూ తిరిగారు. కళ్లజోడు పెట్టుకునే.

*

ఫ్రిస్కో,
ఫిబ్రవరి 22

అమ్మమ్మా,

అబ్బాయి లేడు. లేనే లేడు. మా క్లాసు అబ్బాయిల దగ్గర తడి సాక్సుల వాసన వస్తుంది. అది సినిమా! ఇది నా జీవితం!

నీ ప్రశ్నలకి జవాబులు. హీబ్రూలో చదవాలి. తోరా పుస్తకం కాదు, పెద్ద తోలు చుట్ట, చేత్తో రాస్తారట. అందులో అచ్చుల గుర్తులుండవు, ఉత్త హల్లులే. అంటే మన గుణింతాలన్నీ తీసేసి చదవమన్నట్టు! వేలితో ముట్టుకోకూడదు. చిన్న చెయ్యి ఆకారంలో ఉన్న వెండి పుల్లతో అక్షరాలు చూపిస్తూ చదవాలి. హానా ఏడాది నుంచి ప్రాక్టీస్ చేస్తోంది. కొవ్వొత్తులు ఎందుకో తనకీ సరిగ్గా తెలీదట.

ఇప్పుడు అసలు ఘోరం. నేను చెప్పేలోపే అమ్మ స్కూల్ దగ్గర పిల్లల్ని ఎక్కించుకునే కార్ లైన్‌లో దిగి హానా వాళ్లమ్మకి నా ఫంక్షన్ కార్డ్ ఇచ్చేసింది. రేచెల్ ఆంటీ తేదీ చూసి, "ఓహ్, అదే రోజా!" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. వెనక సీట్లో హానా నవ్వలేదు. లంచ్‌లో వేరే టేబుల్‌కి వెళ్లి కూర్చుంది. ఇవాళ్టికి నాలుగు రోజులు.

ప్లీజ్, అమ్మకి ఫోన్ చేయి.

అవని

తా.క. ఫంక్షన్‌లో నా చిన్నప్పటి ఫోటోలు పెద్ద స్క్రీన్ మీద వేస్తారట. నలుగు పెట్టి బకెట్‌లో కూర్చోబెట్టింది కూడా. అది ఆపడం నీ చేతుల్లో ఉంది.

*

నోవై,
ఫిబ్రవరి 28

చిరంజీవి అవనికి,

అబ్బాయి లేడని ఒక్కసారి రాస్తే నమ్మేదాన్ని. రెండుసార్లు రాశావు, సాక్సులతో సహా. నిప్పు లేనిదే పొగ రాదు తల్లీ.

గుణింతాలు లేకుండా చదవడం! నాకు రెండు రోజులు అదే ధ్యాస. మన పంచాంగం తీసి, గుణింతాలు లేవనుకుని చదవబోయాను. మొదటి వరుసలోనే బోర్లా పడ్డాను. ఆ పిల్ల సామాన్యురాలు కాదు.

నువ్వెంత రాసినా నాకింకా సందేహాలు మిగిలిపోతున్నాయి కాబట్టి ఒక మంచి పని చేశాను. స్వీట్లు పంపాలని చెప్పి మీ అమ్మ దగ్గర హానా వాళ్ల అమ్మమ్మ రూత్‌గారి అడ్రస్ తీసుకుని, హ్యూస్టన్‌కి ఉత్తరం రాశాను. పందొమ్మిది ప్రశ్నలు. పన్నెండోది, 'మీ పద్ధతిలో ఈ తేదీని ముందుకో వెనక్కో జరపవచ్చునా?' ఊరికే తెలుసుకుందామని. చివరిది, 'పిల్లల మధ్య ఉన్న ఆ అబ్బాయి గురించి మీకేమైనా తెలుసా?' పెద్దవాళ్లం పెద్దవాళ్లం మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

నిశ్చింతగా ఉండు.
అమ్మమ్మ

తా.క. బకెట్ ఫోటో తీసింది నేనే. చాలా బాగా వచ్చింది.

*

ఫ్రిస్కో,
మార్చి 8

అమ్మమ్మా!!!

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. నువ్వే నేర్పావు. ఎలుక నేను.

రూత్ గ్రాండ్మా నీ ఉత్తరం రేచెల్ ఆంటీకి ఫోన్‌లో చదివింది. ఇప్పుడు వాళ్లింట్లో అందరూ, బాట్ మిట్స్‌వా తేదీ మార్చుకోమని మనం అడుగుతున్నామనుకుంటున్నారు. ఆ అబ్బాయి ఎవరని హానాని గంటసేపు అడిగారు. లేడంటే నమ్మక తన ఫోన్ కూడా లాక్కున్నారు.

రెండు వారాల తర్వాత హానా నాతో మాట్లాడింది. హాల్‌వేలో, అందరి ముందూ. "నా రోజు మార్చమని మీ అమ్మమ్మ చేత రాయించావా?" అంది. కాదన్నాను. తోరాలో ఏ వారం చదవాల్సింది ఆ వారానికే ఉంటుందట. తేదీ మారితే ఏడాది నేర్చుకున్నదంతా పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టాలి. అది చెప్తూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దగ్గరికి వెళ్లబోతే వెనక్కి జరిగింది.

నా కొవ్వొత్తి మా క్లాసు అనికకి ఇచ్చేసింది. ఆవకాయ పేరు వింటేనే పారిపోయే అనికకి!

ఒక్క పని చేయమన్నాను నిన్ను. అమ్మతో ఒక్క మాట. నువ్వు అమ్మతో తప్ప టెక్సాస్‌లో అందరితోనూ మాట్లాడావు. నాకు చాలా కోపంగా ఉంది.

అవని

తా.క. ఇక మీద ఉత్తరం పోస్ట్ చేసేముందు తాతయ్యకి చూపించు. కళ్లజోడు పెట్టుకునే చూడమను.

*

నోవై,
మార్చి 15

అవనీ, నా తల్లీ,

నీ కోపం న్యాయమైనది. నేను చెప్పబోయేది వింటే ఇంకాస్త పెరుగుతుంది.

పంతులుగారు ఒక్క ముహూర్తం పెట్టలేదు, మూడు ఇచ్చారు. "అమ్మా, నువ్వే ఒకటి ఎంచు" అంది మీ అమ్మ. ఏప్రిల్ 26 అంటే నా పంటి డాక్టరు అపాయింట్‌మెంట్ దగ్గరపడింది. మే 9న తాతయ్యకి గోల్ఫ్ పోటీ. మే 2 అన్నాను. మీ అమ్మ ఆ నేరం పంతులుగారి మీదా, అధికమాసం మీదా పెడితే, కాదనకుండా ఇన్నాళ్లూ నీకు ప్రశ్నలు రాస్తూ కూర్చున్నాను. తేదీ మార్పించు అని నువ్వు రాసినప్పుడల్లా సిగ్గేసి మాట దాటేశాను.

రూత్‌గారు ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. పద్దెనిమిది ప్రశ్నలకి వరుసగా జవాబులు చెప్పారు. పందొమ్మిదోది సినిమాలోంచి వచ్చిందని ఒప్పుకుంటే, నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆవిడకి. తేదీ గోల కూడా నా కుతూహలమేనని రేచెల్‌కి చెప్పారట. హానా ఫోన్ కూడా ఇప్పించారు. ఆఖర్న ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "తేదీ పెట్టేటప్పుడు అవని ఏమంది?"

నిన్ను అడగనే లేదని ఒప్పుకున్నాను. నా పన్నెండో ఏట తెనాలిలో నన్ను తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. అర్ధ సంవత్సరం పరీక్ష పోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత నలభై ఏళ్లు, మత్తిచ్చే ముందు ప్రతి మనిషినీ అడిగి, సంతకం తీసుకుని గానీ సూది పట్టలేదు. నీ దగ్గర మాత్రం తీసుకోలేదు.

ఇందులో ఒక సమ్మతి పత్రం పెట్టాను. 'ఈ ఫంక్షన్ నాకు కావాలి', 'వద్దు'. ఒకదానికి టిక్ పెట్టి సంతకం చెయ్యి. అది వచ్చేదాకా హాలూ లేదు, భోజనాలూ లేవని మీ అమ్మకి చెప్పేశాను. జరిగింది కూడా అంతా చెప్పాను.

తప్పు చేసిన నీ అమ్మమ్మ

తా.క. కావాలన్నా వద్దన్నా మే 2న మాత్రం వస్తున్నాను. రూత్‌గారు తన పక్క కుర్చీ నాకు ఉంచారు.

*

ఫ్రిస్కో,
మార్చి 24

ప్రియమైన అమ్మమ్మకి,

కోపం పోయింది. సగం నీ ఉత్తరం వల్ల, సగం హానా వల్ల. నిన్న తనే మా టేబుల్‌కి వచ్చింది. పదమూడో కొవ్వొత్తి అనిక తిరిగివ్వనంటోందట. కానీ గుడ్ లక్ కోసం పద్నాలుగోది ఒకటి వెలిగిస్తారట. అది నాది. చదవాల్సిందంతా నాకు వినిపించింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, వింటుంటే చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

పత్రం పంపుతున్నాను. 'వద్దు'కి టిక్ పెట్టి, పక్కన 'ఈ ఏడాది' అని రాశాను. లంగా ఓణీ నాకిష్టమే. కానీ హానా తన ఫంక్షన్‌లో చదువుతుంది, నేను నా ఫంక్షన్‌లో కుర్చీలో కూర్చుని అక్షింతలు వేయించుకుంటాను. నాక్కూడా చదవడానికి ఏదైనా కావాలి. సమ్మర్‌కి నోవై వస్తాను. కష్టమైనదే నేర్పు.

పత్రం అమ్మకి చూపించాను. అరుస్తుందనుకున్నాను. కిచెన్‌లో నిలబడి చదివి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తన ఓణీల ఫంక్షన్ రోజునే స్విమ్మింగ్ ఫైనల్స్ అట. రెండో లేన్ తనదేనట. నోవైలో మూడొందల మంది వచ్చారట, ఆ లేన్ మాత్రం ఖాళీగా ఉండిపోయిందట. నాకెప్పుడూ చెప్పలేదు. నీకు చెప్పిందా?

తర్వాత మెల్లిగా, "మరి నన్నెందుకు అడగలేదు మీ అమ్మమ్మ?" అంది.

దానికి జవాబు నాకు రాయకు. అమ్మకే రాయి.

ప్రేమతో,
అవని

తా.క. నాలుగు రోజులుగా పోస్ట్ డబ్బా దగ్గరికి నాకంటే ముందు అమ్మే వెళ్తోంది.