అమ్మ మీద ఒట్టు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనొక్కదాన్నే అనుకో, అయినా అలా రాయకపోతే ఉత్తరం మొదలుపెట్టినట్టు ఉండదు. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు, కవలలిద్దరూ క్షేమమని తలుస్తాను. నీ చెయ్యి ఎలా ఉంది? కిందటి ఉత్తరంలో అక్షరాలు మళ్ళీ నిటారుగా నిలబడ్డాయి, మణికట్టు బాగానే అతుక్కుందనుకున్నాను. అయినా బరువులు ఎత్తకు. కవలల్ని చెరో చంకా ఎక్కించుకుని తిరుగుతున్నావని మరదలు చెప్పింది. వాళ్ళకి కాళ్ళొచ్చాయి కదా, నడవనీ.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని తమ్ముడు నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. ఫోన్ చేస్తే వాడు స్పీకర్ పెడతాడు, కవలలు అరుస్తారు, నీకు వినపడక "ఆఁ? ఆఁ?" అంటావు. నేను చెప్పింది వీధంతా వింటుంది, నువ్వు తప్ప. ఇప్పుడు రాయబోయేది వీధి వినవలసింది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. బట్టలు వదులయ్యాయా అన్నావు. మొదట్లో అయ్యాయి. నువ్వు నా దగ్గర ఉన్నప్పుడే దర్జీ ఆవిడ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాం. "ఇంకోసారి బిగించమంటే బట్టకంటే దారం ఎక్కువవుతుంది" అందావిడ. ఆ తర్వాత ఆవిడ మొహం చూసే పని పడలేదు. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. పక్కింటివాళ్ళు ఇల్లు మారారు, వాళ్ళ కుక్క కూడా వెళ్ళిపోయింది. దాని అరుపు లేకపోతే నిద్ర పడుతుందనుకున్నాను గానీ పెద్ద తేడా ఏమీ లేదు.

క్రేన్ ఎక్కానా అని అడిగావు. ఎక్కలేదు. "మీ అత్త ఆకాశంలో కూర్చుని ఓడల్లోంచి పెట్టెలు దింపుతుంది" అని కవలలకి చెప్తున్నావట. కొన్నాళ్ళు ఆ మాట మానెయ్యి. అత్త ఇప్పుడు గేటు పక్కన రేకుల గదిలో కూర్చుని, పైనున్నవాడికి రేడియోలో పెట్టెల నంబర్లు చదువుతోంది. నిచ్చెన ఎక్కేటప్పుడు వేసుకునే బెల్టు వంద కిలోల మనిషిని ఆపుతుంది, అంతకుమించి హామీ లేదు. అందుకే కదా నన్ను కిందికి దించారు, అందుకే కదా బరువు తగ్గడానికి ఈ ఆపరేషన్. ఏడాదికి పైగా నూట ఆరు దగ్గరే ఆగిపోయాను. బరువు చూసే మిషనే పాడైందేమోనని నీళ్ళ బకెట్టు పెట్టి చూశాను. బకెట్టు సరిగ్గానే తూగింది.

పైన నా సీట్లో పిట్ట కూర్చుంటున్నాడు. పేరుకు తగ్గట్టే ఉంటాడు, గాలి గట్టిగా వీస్తే వాణ్ణే తాడేసి కట్టాలి. మంచివాడే. నా సీటు ముందుకి జరుపుకున్నందుకు వచ్చి క్షమాపణ కూడా అడిగాడు. కాళ్ళు అందలేదట.

కిందటి నెల మేస్త్రీ పిలిచాడు. మెత్తటి మనిషి, చెడ్డ కబురు చెప్పాలంటే ముందు టీ ఇప్పిస్తాడు. నేను ఆ టీ చూసి అనుకున్నాను, ఏదో ఉందని.

"అక్కా, నీలాంటి చెయ్యి యార్డు మొత్తంలో లేదు. గుడ్డు మీద గుడ్డు పెట్టినట్టు దించుతావు పెట్టెని. కానీ ఆఫీసువాళ్ళు ఇంక ఆగేలా లేరు. వచ్చే నెలాఖరుకి వంద లోపు రాకపోతే ఆ సీటు పిట్టకి ఖాయం చేసేస్తారు. నా చేతుల్లో ఏం లేదు."

"సరే" అన్నాను.

"సరే ఏంటక్కా? కాస్త బాధపడు."

"పడతాలే" అన్నాను.

పడదామనే రేకుల గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. రాలేదమ్మా. పదిహేడేళ్ళు ఆ సీట్లో కూర్చున్నాను. పైన ఉన్నంతసేపు ఈ ఒళ్ళు నాదని గుర్తుండేది కాదు, రెండు చేతులూ రెండు కళ్ళూ ఉంటే సరిపోయేది. అది పోతోందంటే గుండె జారాలి కదా. నేను నంబర్లు చదువుతూనే ఉన్నాను, ఒక్కటి కూడా తప్పలేదు. చాలాకాలంగా ఇంతే. ఆకలి వేసిందో లేదో తెలియదు, నిద్ర వచ్చిందో లేదో తెలియదు. ఎవరైనా నవ్వితే ఇక్కడ నవ్వాలి కాబోలు అనుకుని నవ్వుతాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. "మెత్తగానే తింటున్నావు కదా?"

అసలు సంగతి అక్కడే ఉంది. నువ్వు కూర్చుని చదువు.

ఆపరేషనైన కొత్తలో, ఆరు వారాలు మెత్తనివే పెట్టమని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. నువ్వు అన్నీ ఉడకబెట్టి, మెదిపి, మిక్సీలో వేసి పెట్టేదానివి. ఒకరోజు నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు, నోరు చచ్చిపోయి, కాల్చిన రొట్టె ముక్క తిన్నాను. అది ఉంగరం దగ్గర ఇరుక్కుంది. (కడుపుకి బిగించిన ఆ పట్టీకి ఉంగరమని పేరుపెట్టింది నువ్వే. "వేలికి తొడిగించుకోవే అంటే కడుపుకి తొడిగించుకొచ్చావు" అన్నావు, నవ్వితే నా కుట్లు నొప్పెట్టాయి.) నువ్వు వచ్చేసరికి నేను సింకు పట్టుకుని వంగి ఉన్నాను. మింగలేను, కక్కలేను, కళ్ళల్లోంచి నీళ్ళు. నువ్వు వీపు మీద చరుస్తూ దేవుళ్ళందరినీ పిలిచావు. ఆ ముక్క బయటపడ్డాక, నా చెయ్యి లాగి నీ నెత్తిమీద పెట్టుకున్నావు.

"నా మీద ఒట్టెయ్యి. ఇంకెప్పుడూ గట్టిది నోట్లో పెట్టనని చెప్పు. పెట్టావంటే నేను నీకు దక్కను."

"ఒట్టు" అన్నాను. నీ జుట్టు తడిగా ఉంది, చెమటతో.

ఆరు వారాలూ అయిపోయాయి. నువ్వు తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయావు. ఇంక మామూలుగా తినొచ్చని ఆసుపత్రివాళ్ళు అన్నారు. వాళ్ళ గడువు అయిపోయింది గానీ నీ ఒట్టుకి గడువు లేదు కదమ్మా. మనిద్దరిలో ఎవరికీ అది తట్టలేదు. నేను జావ, సూపు, మెదిపిన బంగాళాదుంప, పాలల్లో నానేసిన బిస్కెట్లు తింటూనే ఉన్నాను. బరువు ఆగిపోయింది. డాక్టరు సూదితో ఉంగరంలోకి నీళ్ళెక్కించి దాన్ని రెండుసార్లు బిగించాడు. బిగించినకొద్దీ నేను ఇంకా పల్చగా చేసుకున్నాను.

మూడోసారి బిగించడానికి వెళ్తే నర్సమ్మ సూది పట్టుకుని, ఊరికే మాటల్లో పెట్టడానికి, పొద్దుట్నుంచి ఏమేం తిన్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"ఇదంతా తాగడం తల్లీ, తినడం కాదు. ముద్ద ఆ ఉంగరం పైన కాసేపు ఆగాలి. ఆగితేనే నిండిందని తెలుస్తుంది. నీది ఆగట్లేదు, జారిపోతోంది. అందుకే గంటకోసారి మళ్ళీ తాగుతున్నావు. గట్టివి తిను. చిన్న ముక్క, బాగా నమిలి."

"తినకూడదండీ."

"ఎవరన్నారు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆవిడ పకపకా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. "ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా, మీ అమ్మ కూడా అదే అంటుంది" అంది.

ఆ సాయంత్రం కోడిమాంసం కాల్చుకున్నాను. గోరంత ముక్కలు కోసి, నమిలి, నమిలి, ఒక్కొక్కటే మింగాను. నాలుగో ఐదో తిన్నాక లోపల ఏదో తలుపు మెల్లగా మూసుకున్నట్టయింది. చాలు అనిపించింది. అంతకుముందు చాలు అనిపించింది ఎప్పుడో నాకు గుర్తు లేదు. ప్లేటు కడిగేసి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. నువ్వు బాత్రూంలో జారిపడ్డావని, మణికట్టు విరిగిందని.

కవలలు సబ్బునీళ్ళు ఒలకబోశారని వాడు చెప్తూనే ఉన్నాడు. నాకు తెలుసమ్మా, సబ్బునీళ్ళ మీద ఎవరు కాలేసినా పడతారు. పదో తరగతి చదివాను, ముప్పై టన్నుల పెట్టెలు ఎత్తాను, ఆమాత్రం తెలుసు. కానీ వాడు చెప్తుండగానే నా చెయ్యి మిక్సీ వైపు వెళ్ళింది. ఏడుపు రాలేదు, భయం కూడా రాలేదు. మిగిలిన మాంసం ముక్కలు చెత్తబుట్టలో వేసి, మిక్సీ జార్ తీసి కడిగాను. నువ్వు కట్టుతో మంచంలో ఉంటే నేను చూడ్డానికి ఎందుకు రాలేదని అడగలేదు నువ్వు. సెలవు దొరకలేదనుకుని ఉంటావు. సెలవు అడగనే లేదు. నీ ఎదురుగా నిలబడితే నా మొహంలో నీకు కనపడుతుందేమోనని రాలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ నెలల తరబడి అదే జావ, అదే నూట ఆరు. ఆ అంకె కదలనంతకాలం నీకేమీ కాదని నాకో లెక్క కుదిరిపోయింది.

మేస్త్రీ ఇప్పించిన టీ తాగిన మర్నాటి నుంచి మళ్ళీ గట్టివి తింటున్నాను. ఇది నీకు చెప్పకుండా చేస్తున్నాను. తిన్నాక తమ్ముడికి ఫోన్ చేసి "అమ్మ ఏం చేస్తోంది?" అంటాను. "కవలలతో తగువేసుకుంటోంది" అంటాడు, లేదా "టీవీలో ఎవర్నో తిడుతోంది" అంటాడు. పెట్టేస్తాను. నిన్న వాడు "నీకేమైందక్కా, రోజూ ఇదే ప్రశ్న" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. నువ్వేమో ఈ ఫోన్లు చూసి నాకు నీ మీద బెంగ పుట్టిందని మురిసిపోతున్నావట.

ఈ పొద్దున మిషను నూట రెండు చూపించింది. దిగి మళ్ళీ ఎక్కాను. నూట రెండే. పిట్టతో చెప్తే వాడు రేడియోలోనే కేక పెట్టాడు, "నీ సీటు వెనక్కి జరిపెయ్యనా అక్కా?" అని. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం సంతోషం రావలసిన చోట నీ చెయ్యి గుర్తొచ్చింది. తగ్గిన ప్రతి కిలో నీ ఒంట్లోంచి పోతున్నట్టుందమ్మా. నేను చిక్కిపోతున్నానని అందరూ అంటుంటే, నువ్వు చిక్కిపోతున్నావేమోనని చూసుకుంటున్నాను. కవలల పుట్టినరోజు ఫోటోలో నీ మెడ దగ్గర ఎముక కనపడింది. అది ఎప్పుడూ ఉండేదేనా? నిజం చెప్పు.

పిచ్చిదాన్నని తిట్టు, ఫరవాలేదు. కానీ ఆ ఒట్టు తీసెయ్యి. మనసులో అనుకుంటే చాలదు, నోటితో అను. నేను వినక్కర్లేదు. కవలల ముందు మాత్రం అనకు, వాళ్ళకి ఈ ఒట్లు నేర్పకు.

నువ్వు జవాబు రాసి అది నా చేతికి వచ్చేసరికి నెలాఖరు దాటిపోతుంది. అందుకని నీ జవాబు కోసం ఆగను. ఇంకా రెండు కిలోలు తగ్గాలి. రేపూ గట్టిదే తింటాను, ఎల్లుండీ తింటాను, నీ నెత్తిమీద పెట్టిన ఈ చేత్తోనే తింటాను. నువ్వు మాత్రం ఏమీ అవకమ్మా.

ఇట్లు,
నీ మాట దాటిన
నీ పెద్దది