మెడలో బెల్ట్

మే 28
గడ్డి కోసే మిషన్ మళ్లీ మొరాయించింది. అది నాన్న పెళ్లికంటే పాతది. ఇరవై ఆరు బ్లేడ్లలో తొమ్మిది మొద్దుబారాయి, రెండు విరిగాయి. బ్లేడ్లని బిగించి ఉంచే పాత రివెట్లు అన్న కొట్టి ఊడదీస్తాడు, నేను కొత్త బ్లేడ్లు పెట్టాలి. నాలుగు పెట్టేసరికే విసుగొచ్చింది. బడి మానేసిందీ ఇందుకే, ఒక్కచోట కూర్చోలేక. నువ్వు కూర్చున్న చోటల్లా ముళ్లు మొలుస్తాయిరా అని అన్న నవ్వాడు.

మే 29
మా ఇంట్లో ఒక రూలుంది. బ్లేడ్ల మధ్య చెయ్యి పెట్టేవాడు ఇంజన్ బెల్ట్ ఊడదీసి మెడలో వేసుకోవాలి. బెల్ట్ లేకపోతే ఇంజన్ తిరిగినా బ్లేడ్లు కదలవు. అన్న దాన్ని దండలా వేసుకుని పెళ్లికూతురేదిరా అంటాడు.
మబ్బు పడుతోంది. గడ్డి తడిస్తే పశువులకి ఏడాదంతా పస్తులే. నాన్న ఇద్దర్నీ తిడుతున్నాడు.

మే 30
అన్న వేళ్లు పోయాయి. కుడిచేతివి. మూడు.

జూన్ 1, మధ్యాహ్నం, ఆస్పత్రి వరండా
ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను.
ఆ రోజు నేను టీ తాగి వచ్చేసరికి మిషన్ దగ్గర ఎవరూ కనబడలేదు. అన్న రివెట్ల కోసం షెడ్డులోకి వెళ్లాడనుకున్నాను. ఒకసారి తిప్పి చూద్దామనిపించింది. మిషన్‌కి బెల్ట్ లేదు. బెల్ట్ లేదంటే అది ఎవరి మెడలోనో ఉందని అర్థం. చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా గోడకున్న స్పేర్ బెల్ట్ తెచ్చి ఎక్కించి స్టార్ట్ చేశాను.
అన్న మిషన్ చక్రం అవతల, బ్లేడ్ల మధ్య చెయ్యి పెట్టి బోర్లా పడుకుని ఉన్నాడు.
ఇంజన్ ఆపాను. నాన్న పరిగెత్తుకొస్తున్నాడు. అప్పుడు నేను మొదట చేసింది చేతికి గుడ్డ కట్టడం కాదు. అన్న మెడలోని బెల్ట్ తీసి గోడకి తగిలించాను. అన్న చూస్తూనే ఉన్నాడు.
బెల్ట్ మిషన్‌కే ఉంది, అందుకే స్టార్ట్ చేశానని నాన్నకి చెప్పాను.

జూన్ 2
మెడలో వేసుకోమని వందసార్లు చెప్పాను కదరా అని నాన్న మంచం దగ్గర అన్నని తిట్టాడు, తిడుతూనే ఏడ్చాడు. అన్న గోడవైపు తిరిగాడు. అమ్మ నా తల నిమిరి, నీ తప్పేం లేదు నాన్నా అంది.

జూన్ 5
వాన. కోయని గడ్డి అంతా నేలకి ఒరిగింది.

జూన్ 9
అన్న ఇంటికొచ్చాడు. ఎడంచేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. సాయం చెయ్యబోతే వద్దని తల ఊపాడు. చెప్పేద్దామని మూడుసార్లు గదిలోకి వెళ్లాను. మూడుసార్లూ మంచినీళ్లు తాగి వచ్చేశాను.

జూన్ 11
మిగిలిన బ్లేడ్లు నన్ను పెట్టమన్నాడు నాన్న. మిషన్ బెల్ట్ తీసి మెడలో వేసుకుని, బోర్లా పడుకుని, చెయ్యి లోపల పెట్టాను. అన్న వచ్చి, నేను గోడకి తగిలించిన బెల్ట్ తీసుకుని మిషన్‌కి ఎక్కించాడు. ఒంటిచేత్తో. చాలాసేపు పట్టింది. తర్వాత ఇంట్లోకి కేకేశాడు.
"నాన్నా, వీడి మెడలో ఏముందో, మిషన్‌కి ఏముందో ఒకసారి వచ్చి చూడు."
నేను చెయ్యి తియ్యలేదు. బెల్టూ తియ్యలేదు.