గోడ మీది పాస్‌వర్డ్

సారయ్యన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ ఇస్తున్నామని ప్రకటన వచ్చింది. జనగామ బజారంతా గులాల్ చల్లుకుంటోంది. నేను మాత్రం నీ నెట్ సెంటర్‌లో కూర్చుని పళ్లు కొరుకుతున్నాను.

ఉద్యమం కోసం మనం నెట్‌లో పెట్టుకున్న పేజీని ఎవడో కాజేశాడు. అందులో ఇప్పుడు నీ ఫొటో, పక్కనే చేతులు జోడించిన ఓ నాయకుడు. నువ్వు బతికినన్నాళ్లూ అతని వెంటే తిరిగావని రాశారు. ఏ నాయకుడి పోస్టరూ షాపు గోడకు అంటించనివ్వని నీ గురించి, ఆ మాట.

పేజీ పాస్‌వర్డ్ 'జై తెలంగాణ'. నీ కంప్యూటర్లలో ఎవరైనా లోపలి కోడ్ విప్పి చూసుకోగల సాఫ్ట్‌వేరే ఉండేది, అయినా ఆ పాస్‌వర్డ్ చూస్తే నీకు ఒళ్లు మండేది.

"కోడ్ నలుగురికి సూపియ్యాలెరా, తాళంచెవి గాదు. ఊర్ల ప్రతి గోడ మీద రాసున్న మాటను పాస్‌వర్డ్ అంటర్రా? మార్చుండ్రి."

"అందరు మనోళ్లే గదన్నా, ఎవలు దొంగతనం జేస్తరు?" అన్నాడు యాకూబ్. మేమంతా తలలూపాం.

పొద్దుటి నుంచి యాకూబ్, నేను అదే పాస్‌వర్డ్ కొడుతున్నాం. పేజీ తెరుచుకోవడం లేదు.

నువ్వు అంత మొత్తుకున్నా మేం మార్చలేదన్నా. దొంగ రాగానే మార్చేశాడు.